అంకయ్య కాలు, నా నోరు

అది 1963 జనవరి. నూజివీడులో మామిడి వర్తకులు తలా కొంత వేసుకుని కట్టించిన ఇరవై పడకల ఆసుపత్రిలో నేను నర్సుగా చేరి అప్పటికి నాలుగేళ్ళు. తోటలు పూత మీద ఉన్నాయి. పూత రోజుల్లో మాకు పని తక్కువ. కోతలు మొదలయ్యాయంటే చెట్ల మీంచి పడ్డవాళ్ళతో, కాయ సొన చింది మొహాలు పొక్కినవాళ్ళతో వరండా నిండిపోయేది. ఆ తీరిక రోజుల్లోనే అంకయ్య వచ్చి, నా తీరికంతా ఊడ్చిపెట్టేశాడు.

అతనిది విస్సన్నపేట దాటాక ఒక చిన్న పల్లె. నలభైకి కాస్త లోపు వయసు. కాయ కోసే పనిలో చుట్టుపక్కల అతనికి పేరుంది. చివరి కొమ్మ దాకా ఎక్కి, ఒంటికాలి మీద నిలబడి, చివర వల చిక్కం కట్టిన గడతో ఒక్క కాయకి కూడా దెబ్బ తగలకుండా దింపేవాడట. తోటలు గుత్తకు తీసుకున్న వర్తకులు సంక్రాంతి వెళ్ళగానే అతనికి కబురు పెట్టేవారు. అలాంటి మనిషి, భార్య నాంచారమ్మ భుజం పట్టుకుని కుంటుకుంటూ వచ్చాడు. కుడికాలి చిటికెన వేలు బొగ్గులా నల్లబడి ఉంది. పక్క వేలి మొదట్లో రూపాయంత పుండు. పాదం ముట్టుకుంటే చల్లగా తగిలింది.

డాక్టరు గారు పాదం మీద నాడి కోసం చాలాసేపు వెతికారు. దొరకలేదు. దీన్ని మేము బర్జర్స్ డిసీజ్ అంటాం. పొగాకు విషానికి కాళ్ళలో రక్తనాళాలు మూసుకుపోతాయి. రక్తం అందని వేలు చచ్చిపోతుంది. అలా చచ్చిన భాగాన్ని గ్యాంగ్రీన్ అంటారు. చుట్ట మానితే జబ్బు అక్కడితో ఆగుతుంది. మానకపోతే పైకి పాకుతుంది. దీనికి అంతకు మించిన మందు మా బీరువాలో ఏదీ లేదు.

"రోజుకెన్ని కాలుస్తావు?" అని అడిగారు డాక్టరు గారు.

"లెక్కెక్కడిదండి. ఒకటి ఆరేలోపల ఇంకోటి."

"ఇవాళ్టి నుంచి ఒక్కటి కూడా కాల్చకూడదు. కాలిస్తే ఆ వేలితో పోదు. మోకాలి కింద తీసెయ్యాల్సొస్తుంది."

"కాలు లేకపోతే చెట్టెలా ఎక్కుతానండి?"

"అదే నేనూ అడుగుతున్నాను."

ఇంత చక్కగా చెప్పిన డాక్టరు గారి వేళ్ళ మధ్య సిగరెట్టు వెలుగుతోంది. ఆ రోజుల్లో డాక్టర్లు వార్డులో సిగరెట్టు కాల్చడం వింతేమీ కాదు. వింతల్లా ఏమిటంటే, అంకయ్య ఆయన మాట వినకుండా ఆ పొగ ఎటు పోతోందో చూస్తూ, మెడ అటు తిప్పి గుండెల నిండా పీల్చుకోవడం.

నల్లబడిన వేలు తీసేశారు. మూడో నంబరు మంచం ఇచ్చాం. ఇక నా కష్టాలు మొదలయ్యాయి.

మొదటి మూడు రోజులు అతన్ని మనిషి అనడానికి లేదు. చుట్ట లేందే పొద్దున్న కాలకృత్యం జరగదన్నాడు. ఆముదం ఇచ్చాను. అన్నం సయించడం లేదని పళ్ళెం తోసేశాడు. చేతులు ఊరుకోవు. కిటికీలోంచి మామిడాకు కోసి, చుట్టలా చుట్టి, నోట్లో పెట్టుకుని కూర్చునేవాడు. చూడటానికొచ్చిన చుట్టాలు మరీ ఘనులు. ఆసుపత్రికి వట్టి చేతుల్తో ఎలా వస్తామని పంచె కొంగులో నాలుగు చుట్టలు కట్టుకొచ్చేవాళ్ళు. నేను వాకిట్లో నిలబడి కొంగులు విప్పించేదాన్ని. ఒకాయన నన్ను చూసి, "ఏంటమ్మా, పోలీసులు కూడా ఇంతిదిగా చూడరు" అని గొణుక్కుంటూ పోయాడు.

"చుట్ట లేకుండా చెట్టెక్కడం కుదరదండి నర్సమ్మగారూ. ఎర్రచీమలు ఆకుల్ని కుట్టి గూళ్ళు పెడతాయి. పొగ తగిలితేనే జరుగుతాయి," అని వాదించేవాడు అంకయ్య.

"ఇక్కడ నీ మంచం మీద చీమలేమైనా ఉన్నాయా?"

"లేవండి."

"మరి ఇక్కడెందుకు?"

దుప్పటి మొహం మీదికి లాక్కునేవాడు. పుర్రెతో పుట్టిన బుద్ధి పుడకలతో గానీ పోదని పెద్దలు ఊరికే అనలేదు అనుకునేదాన్ని.

అయినా వదల్లేదు. కాలు అతనిదైనా పంతం నాది. చుట్ట మీదికి మనసు ఎప్పుడెప్పుడు లాగుతోందో కనిపెట్టాను. లాగినప్పుడల్లా అది ప్రాణం తీసేలా లాగుతుంది గానీ ఎక్కువసేపు ఉండదు. మేము సిరంజీలు గిన్నెలో వేసి స్టవ్వు మీద మరిగించేవాళ్ళం. నీళ్ళు మరగడానికి పట్టేంత సేపే దాని ఉధృతి. అందుకని అతను గింజుకోవడం మొదలుపెట్టగానే మంచం పక్కన స్టవ్వు వెలిగించి, "ఇవి మరిగేదాకా ఓర్చుకో. తర్వాత కూడా కావాలంటే అప్పుడు మాట్లాడుకుందాం," అనేదాన్ని. నీళ్ళు తెర్లేసరికి మనిషి కాస్త కుదుటపడేవాడు. నోట్లోకి లవంగాలు, వేయించిన చింతపిక్కలు ఇచ్చేదాన్ని. డాక్టరు గారితో కూడా చెప్పేశాను, "మీ సిగరెట్టు వాసనకి మూడో నంబరు మంచం లేచి కూర్చుంటోందండీ, వరండాలో ఆర్పి రండి" అని. ఆయన గుర్రుగా చూశారు గానీ ఆర్పే వచ్చేవారు.

నాలుగు వారాలకి పుండు అంచుల్లో ఎర్రటి కొత్త కండ కనిపించింది. దాన్ని గ్రాన్యులేషన్ అంటాం. పుండు మానే దారిలో పడిందని గుర్తు. ఇంటికి పంపించాం. సోమవారం, గురువారం వచ్చి డ్రెస్సింగు చేయించుకోవాలి. మధ్యలో కట్టు తడిస్తే మార్చడానికి నాంచారమ్మకి గాజుగుడ్డ, లోషను ఇచ్చి, ఎలా కట్టాలో నేర్పించాను. చుట్ట ముట్టనని అంకయ్య చేత ఒట్టు వేయించుకున్నాను.

పది రోజులు తిరిగేసరికి ఆ ఎర్రటి కండ పాలిపోయింది. మరో వారానికి పుండు రూపాయి దాటి పెరిగింది. మనిషి దగ్గరికి రాగానే గుప్పున పొగాకు వాసన.

"కాలుస్తున్నావా?"

"లేదండి. ఒట్టండి."

"నోరు తెరువు."

తెరిచాడు. లవంగాల వాసన. లవంగాలు నమలమని చెప్పింది నేనే. అయినా ఆ క్షణాన నాకు అది వాసన కప్పిపుచ్చే ఎత్తులాగే తోచింది. పైగా మనిషి నిమ్మళంగా ఉన్నాడు. వార్డులో పామును చూసిన కోడిలా ఎగిరిపడినవాడు, ఇప్పుడు చేతులు ఒళ్ళో పెట్టుకుని ప్రశాంతంగా కూర్చున్నాడు. చుట్ట మానినవాడు ఇలా ఉంటాడా? నాలుగేళ్ళ అనుభవం ఉన్న నర్సుని, నాకు తెలీదా!

తర్వాతి సోమవారం పుండు ఇంకా పెద్దదైంది. నా ఓపిక పూర్తిగా చచ్చిపోయింది. వరండాలో పాతికమంది ఉన్నారు. వాళ్ళందరి ముందూ చొక్కా జేబులు తీయించాను, తలపాగా విప్పించాను. ఏమీ దొరకలేదు. దొరకనందుకు ఇంకా మండింది.

"అబద్ధాలకోరువి నువ్వు! నీ కాలు కోసం నేను చాకిరీ చేస్తుంటే నువ్వు చుట్టలు పీలుస్తూ నాటకాలాడుతున్నావా? నీలాంటి దొంగలకి కట్టడానికి నా దగ్గర గాజుగుడ్డ లేదు. మళ్ళీ రాకు," అన్నాను.

అంకయ్య నా మొహంలోకి చూశాడు. తలపాగా చేతిలోనే పట్టుకుని, భార్య భుజం మీద చెయ్యి వేసుకుని వెళ్ళిపోయాడు.

గురువారం రాలేదు. రాడు, దొంగ కదా అనుకున్నాను. మళ్ళీ సోమవారమూ రాలేదు. అప్పుడు కాస్త గుబులు మొదలైంది గానీ దాన్ని కోపం కిందే తొక్కిపెట్టాను.

బుధవారం మధ్యాహ్నం ఎడ్లబండిలో తీసుకొచ్చారు. ఒళ్ళంతా చల్లటి చెమట, వాంతులు, కళ్ళు తిరుగుతున్నాయి. కాలు చీలమండ దాకా వాచింది. నాంచారమ్మ కంగారుగా, "ఉండండమ్మా, కట్టు నేను విప్పుతాను," అని అడ్డం వచ్చింది. డ్రెస్సింగు రోజుల్లో, మేము చూస్తే తిడతామన్న భయంతో తెల్లవారుజామునే ఆమె ఇంట్లో పాత కట్టు విప్పేసి, పుండు కడిగి, మేమిచ్చిన గుడ్డతో శుభ్రంగా కట్టి తీసుకొచ్చేదని తర్వాత తెలిసింది. ఆ రోజు ఆ వ్యవధి లేకపోయింది. ఆమెను జరిపి కత్తెరతో కట్టు కోశాను.

పుండు మీద నానబెట్టిన పొగాకు ఆకు ఉంది. ఒకటి కాదు, మూడు మడతలు.

"ఏంటిది నాంచారమ్మా?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మా గేదె గిట్టకి పుండు పడి పురుగు పడితే ఇదే కట్టామండి. పది రోజుల్లో మానింది. ఇంటికొచ్చిన మొదటి రోజుల్లో ఈయన చుట్ట కోసం తల గోడకేసి కొట్టుకునేవాడండి. ఒకరోజు ఇది కట్టాను. కట్టిన గంటకల్లా నిమ్మళించాడు, చుట్ట మాటే ఎత్తలేదు. మందు పనిచేస్తుందనుకున్నానండి. మొన్న మీరు తిట్టాక పుండు ఎలాగైనా మాన్పాలని ఆకులు ఎక్కువేశాను."

ఆ వాసన నోటిది కాదు, ఎంత కడిగినా వదలని పుండుది. ఆ ప్రశాంతత దొంగతనం కాదు, పచ్చి పుండులోంచి ఒంట్లోకి దిగిన పొగాకు. ఇప్పటి ఈ చెమట, వాంతులు కూడా దాని విషమే. వారానికి రెండుసార్లు ఆ కాలి ముందు కూర్చుని, పుండు తప్ప అన్నీ వాసన చూశాను. ఇంట్లో పుండు మీద ఏం వేస్తున్నారని ఒక్కసారైనా అడగలేదు. చుట్ట నోట్లో పెట్టొద్దని నేను వందసార్లు చెప్పాను. నోట్లో పెట్టలేదు వాళ్ళు.

డాక్టరు గారు వచ్చి చూశారు. "విషం నోట్లోంచి పోతేనేం, పుండులోంచి పోతేనేం. ఆ రక్తనాళాలకి తేడా తెలీదు," అన్నారు.

కాస్త తేరుకున్నాక అంకయ్య ఆ మాట గురించే అడిగాడు. "నేను చుట్ట ముట్టి అరవై రెండు రోజులైందండి. అయితే నేను మానినట్టు కాదా?"

ఏం చెప్పను? కాదని చెబితే అతని అరవై రెండు రోజుల నరకం బూడిదలో పోసినట్టు. మానినట్టేనని చెబితే అబద్ధం. "నువ్వు మానావు. నీ ఒళ్ళు ఇంకా మానలేదు. దానికోసం మళ్ళీ మొదలుపెట్టాలి," అన్నాను. అతను గోడవైపు తిరిగి ఏడ్చాడు. నాంచారమ్మ అతని కాళ్ళ దగ్గర కూర్చుని, "నా చేతులు విరిగిపోనూ, నా చేత్తోనే కట్టానే," అని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది, మందుల గదిలోకి పోయాను.

పుండు పడ్డ ఆ పక్క వేలు కూడా తీసేయాల్సొచ్చింది. పాదం మాత్రం దక్కింది. రెండోసారి గింజులాట మొదటిదానికంటే ఘోరంగా నడిచింది. ఎందుకంటే ఈసారి అతనికి నమ్మకం చచ్చిపోయింది. నేను విసుక్కోలేదని చెప్పను, స్వభావం ఎక్కడికి పోతుంది. కానీ దొంగ అన్న మాట మళ్ళీ నా నోటి వెంట ఏ రోగి విషయంలోనూ రాలేదు. పుండుతో ఎవరొచ్చినా మొదటి ప్రశ్న, "ఇంట్లో దీని మీద ఏం వేశారు? చెప్పండి, తిట్టను" అనే. పసుపు దగ్గర్నుంచి పేడ దాకా విన్నాను. తిట్టకుండా వినడం ఎంత కష్టమో నాకే తెలుసు.

జూన్‌లో, కోతలు చివరికొచ్చాక, ఆఖరి కట్టు విప్పించుకోవడానికి అంకయ్య కర్ర సాయంతో ఒక్కడే నడిచి వచ్చాడు. ఆ ఏడు చెట్టెక్కలేదు. కింద కూర్చుని కాయ ఏరాడు. పైఏడు తప్పకుండా ఎక్కుతానన్నాడు. పుండున్న చోట తెల్లటి మచ్చ మాత్రం మిగిలింది.

కట్టు తీస్తూ తలెత్తకుండానే అన్నాను. "ఆ రోజు అందరి ముందూ నిన్ను అలా అనకూడదు అంకయ్యా. తప్పు నాది."

"అవన్నీ ఎందుకులెండమ్మా."

కర్ర పక్కకి ఆనించి తనే మళ్ళీ అన్నాడు. "ఆ రోజు విస్సన్నపేటలో బస్సు దిగి బడ్డీకొట్టుకి పోయానండి. తాగినా దొంగనే, తాగకపోయినా దొంగనే, ఇంకెందుకీ బాధ అనిపించింది. చుట్ట చేతిలోకి తీసుకున్నాను."

అప్పుడు తలెత్తాను. "కాల్చావా?"

"అగ్గిపెట్టె అడిగానండి. ఇరవై ఏళ్ళుగా నాకు చుట్టలమ్మినోడండి అతను. అగ్గిపెట్టె ఇవ్వకుండా నా మొహంలోకి చూసి, 'అదేంటి అంకయ్యా, నువ్వు మానేశావు కదా' అన్నాడండి. ఇంకేం కాలుస్తానండి? తిరిగి డబ్బాలో పెట్టేసి ఇంటికెళ్ళాను."

అతను వెళ్ళాక డ్రెస్సింగు బల్ల తుడుస్తూ అదే తలుచుకున్నాను. చుట్టలమ్ముకుని బతికే మనిషి అతన్ని నమ్మాడు. ఆ కాలు బాగుచేయడానికి జీతం తీసుకునే నేను నమ్మలేదు.