ఐదు కిలోల సంచులు

2022లో, యాసంగి వడ్లు దిగుతున్న రోజులవి. మిర్యాలగూడలో ఒక బాయిల్డ్ మిల్లుకు నేను ప్యాకింగ్ సూపర్‌వైజర్‌ని. బాయిల్డ్ అంటే వడ్లు నానబెట్టి, ఆవిరికి ఉడికించి, ఆరాక ఆడించడం. ఆఫ్రికాలో ఆ బియ్యం ఇష్టంగా తింటారు. యాభై కిలోల బస్తాలు లారీకెక్కి కోదాడ దాటితే మా పని ఖతం. ఆ తర్వాత కాకినాడ పోర్టు వాళ్ల తలనొప్పి.

ఆ బియ్యం కొనే అయిసతా గారు మిల్లు చూడటానికి వచ్చారు. పశ్చిమ ఆఫ్రికాలో, అంతర్యుద్ధం నడుస్తున్న ఒక సరిహద్దు పట్టణం ఆమెది. ఇకమీదట ఐదు కిలోల సంచులే కావాలన్నారు. నాకు ఒళ్లు మండింది. బస్తాకు పది సంచులు, పది కుట్లు!

హమాలీ మేస్త్రి యాదయ్య నా చెవిలో గొణిగాడు. "గిది పెద్ద పరేషాన్ సార్. మావోళ్లు ఒప్పుకోరు."

మా ముఖాలు చూసి ఆమె ఫోన్ తీశారు. ఫొటోలో ఒకడు తుపాకీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు, మా నెమలి బొమ్మ బస్తా మీద.

ఆమె ఇంగ్లిషు, నా ఇంగ్లిషు కలిసి ఎలాగో నడిచాయి. "ఈ తిరుగుబాటుదారులు సరిహద్దుకు అవతల పడుకుంటారు, ఇవతల దోచుకుంటారు. తుపాకులు పక్క దేశం నుంచి, తిండి నా గోడౌన్ నుంచి. బస్తా బండి మీద వేసుకుని గీత దాటితే మా సైన్యం వెంటపడే వీల్లేదు. మా ఊరు పస్తులుంటోంది. చిన్న సంచులైతే దిగిన రోజే ఆడవాళ్లు నెత్తిన పెట్టుకుని ఇళ్లకు చేరుస్తారు. ఇల్లిల్లూ దోచడం వాళ్లకూ కష్టమే."

"మీరు వేరే ఊరు వెళ్లిపోవచ్చు కదా?"

"వెళ్తే మా ఊరికి బియ్యం ఎవరు తెస్తారు?"

యాదయ్యకు తెలుగులో చెప్పాను. అతను తువ్వాల నెత్తికి చుట్టుకుంటూ, "మస్తు గుండె ధైర్యం సార్ గీ అమ్మది. ఐదు కాకుంటే మూడు కిలోలవి గూడ ఎత్తుతం" అన్నాడు.

వానాకాలంలో ఆమె దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "వచ్చారు. గోడౌన్ తలుపు విరగ్గొట్టారు. లోపల చీపురు తప్ప ఏమీ దొరకలేదు." ఆ రోజు మిల్లులో అందరికీ యాదయ్యే చాయ్ తాగించాడు.

టీవీలో యుద్ధం కనిపిస్తే అది ఎవరిదో అనుకునేవాణ్ని. నేను కుట్టించిన బస్తా అందులో ఉందని చూపించింది ఆమే. ఆమెను తలుచుకుంటే ఇప్పటికీ చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. కొత్త ఆర్డర్ వస్తే ఇప్పుడు నా మొదటి ప్రశ్న ఒకటే: అక్కడ ఈ సంచిని ఎవరు మోస్తారు?