అందరికీ ఇరవై

నా చిన్నప్పుడు నాచారంలో మా ఇంటికీ పక్కింటికీ మధ్య ఉన్నది ఒకటే గోడ, అదీ నా భుజం ఎత్తు. ఆ గోడ అవతలి అక్క నర్సు ట్రైనింగ్‌లో చేరిన రోజు నుంచి నేను ఆమెకు పేషెంటును. అప్పటికి నాకు ఎనిమిదేళ్లు. ఆమె హాస్టల్లో ఉండి చదివేది, నెలకో ఆదివారం ఇంటికి వచ్చేది. వచ్చిన గంటలోపే గోడ మీది నుంచి నన్ను పిలిచేది. ఆ మూడేళ్లలో నా ఒంట్లో విరగని ఎముక లేదు, కట్టని కట్టు లేదు. మంచం మీద ఉన్న మనిషిని లేపకుండానే కింద దుప్పటి మార్చడం ఆమె నా మీదే నేర్చుకుంది. ఒకసారి అటు దొర్లించబోయి నన్ను కింద పడేసింది కూడా. అమ్మకు చెప్పవద్దని బతిమాలి, నిమ్మతొన బిళ్లలు కొనిపెట్టింది.

అన్నింటిలోకీ ఆమెకు కష్టమైంది ఊపిరి లెక్కపెట్టడం. వాళ్ల నాన్న చేతి గడియారం పక్కన పెట్టుకుని, ఇప్పుడు నీ ఊపిరి లెక్కపెడతాను, కదలకు అనేది. అలా చెప్పాక మామూలుగా ఊపిరి తీయడం ఎవరి తరం? కాసేపు బిగబట్టేదాన్ని, కాసేపు బుసకొట్టేదాన్ని. ఒకసారి పన్నెండు వచ్చేది, ఇంకోసారి ముప్పై. కావాలని చేస్తున్నానని నెత్తిన మొట్టేది. కొంత కావాలనే చేసేదాన్ని, అబద్ధం ఎందుకు.

ఒక ఆదివారం ఆమె అడగడం మానేసింది. ఎప్పటిలాగే నా మణికట్టు పట్టుకుని నాడి చూసింది, అంకె కాగితం మీద రాసుకుంది. రాసుకున్నాక కూడా చెయ్యి వదల్లేదు. ఇంకా నాడే కాబోలని నేను గోడ మీది పిల్లిని చూస్తూ కూర్చున్నాను. ఒక నిమిషం గడిచాక "పద్దెనిమిది" అంది. నాడి పద్దెనిమిది ఉంటే మనిషి మిగలడని ఆమే నాకు చెప్పింది కాబట్టి, నన్ను బురిడీ కొట్టించిందని అర్థమైంది. నాకు పౌరుషం వచ్చింది. మోసం చేశావని పోట్లాడాను.

అక్క నవ్వలేదు. "లెక్కవెడ్తున్నరని తెలిస్తే ఊపిరి మన మాట ఇనది బిడ్డా. గందుకే చెయ్యి పట్టుకోవాలె. చెయ్యి పట్టుకుంటె మనిషి నిమ్మళమైతది. అప్పుడు ఛాతీ దిక్కు సూసుకుంట నిమిషం నిండేదాంక లెక్కవెట్టాలె" అంది. వాళ్ల టీచరమ్మ నేర్పిన కిటుకు అది. ఆ తర్వాత నేను కూడా కిటుకు నేర్చుకుని మా ఇంట్లో అందరి చేతులూ పట్టుకోవడం మొదలుపెట్టాను. మా నానమ్మకు ఇది బాగా నచ్చింది. తన చెయ్యి పట్టుకుని అంతసేపు కూర్చునే మనిషి దొరికిందని మురిసిపోయేది.

అక్క పరీక్ష పాసైంది. పాసైతే ఉద్యోగం దానంతటదే వస్తుందని మేమంతా అనుకున్నాం. సర్టిఫికెట్లు పాలిథిన్ కవర్లో పెట్టుకుని నాచారం నుంచి ఉప్పల్ దాకా, అటు తార్నాక దాకా కాళ్లరిగేలా తిరిగింది. ప్రతిచోటా ఒకటే ప్రశ్న. ఎక్కడైనా పనిచేసిన అనుభవం ఉందా? పని ఇస్తేనే కదా అనుభవం వచ్చేది అని అమ్మ వంటింట్లోంచి విసుక్కునేది. అక్క వాళ్ల నాన్న పనిచేసే కంపెనీ అప్పటికే మూతపడింది. ఆయనకు ఊళ్లో కొద్దిగా పొలం ఉంది. చదువు అయిపోయిన రోజే ఆయన ఒక మాట చెప్పేశారు. ఏడాది చూద్దాం, అప్పటికీ నౌకరీ దొరక్కపోతే అందరం జనగామ వైపు ఊరికి వెళ్లిపోదాం. ఆ ఊళ్లో దవాఖానా లేదు. అక్కడికి వెళ్తే ఆమె చదివిన మూడేళ్లు పెట్టెలో పడుకోవాల్సిందే.

ఎనిమిదో నెలలో ఉప్పల్ చౌరస్తాకు కాస్త ఇవతల, పది మంచాల నర్సింగ్ హోమ్‌లో పని దొరికింది. మొదటి నెల ఎలా చేస్తుందో చూసి ఆ తర్వాత ఉంచుకుంటామన్నారు. తెల్ల చీర కట్టుకుని ఆమె మొదటి రోజు బయల్దేరుతుంటే గోడకు ఇటు వైపు మేమంతా వరసగా నిలబడ్డాం. నాకైతే నేనే డ్యూటీకి పోతున్నంత గర్వంగా ఉంది.

మూడో వారంలో మా నానమ్మకు జ్వరం, దగ్గు పట్టుకున్నాయి. పక్కింటి పిల్ల ఉన్న చోటేనని అక్కడికే తీసుకెళ్లాం. అమ్మ, నాన్న ఇద్దరికీ పగలు కంపెనీ డ్యూటీలు. అందుకని బడి మానిపించి నన్ను నానమ్మ దగ్గర కూర్చోబెట్టారు. మంచం చివర ఒక అట్టకు కాగితం వేలాడేది. అందులో మూడు గళ్లు. జ్వరం, నాడి, ఊపిరి. నాకు చదవడం వచ్చు కాబట్టి, ఊసుపోక పది మంచాల కాగితాలూ చదివాను. జ్వరం ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంది. నాడీ అంతే. ఊపిరి గడిలో మాత్రం పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం అందరికీ ఇరవై.

అదేమిటో తర్వాత అక్కే చెప్పింది. అక్కడి పెద్ద సిస్టర్ మొదటి రోజే పద్ధతి చెప్పేసిందట. జ్వరం చూడు, నాడి పట్టుకో, ఊపిరి గడిలో మామూలు మనిషికి ఉండే ఇరవై వేసుకుంటూ పో. అక్క మూడు రోజులు మొండికేసి ఒక్కొక్కరి దగ్గర నిమిషం చొప్పున నిలబడి లెక్కపెట్టిందట. మిగతా పనులు ఆలస్యమయ్యాయని అందరి ముందూ చీవాట్లు పడ్డాయి. నాలుగో రోజు నుంచి ఆమె కూడా ఇరవై వేయడం మొదలుపెట్టింది. నెల నిండాలి కదా.

నేను చూసింది రెండో రోజు మధ్యాహ్నం. అక్క వచ్చింది, నానమ్మ నోట్లో జ్వరం చూసే గాజు పుల్ల పెట్టింది, నాడి పట్టుకుంది, రాసుకుంది, పక్క మంచానికి వెళ్లిపోయింది. ఛాతీ వైపు చూడనే లేదు. నేను లేచి కాగితం చూశాను. ఇరవై. నా కళ్ల ముందే జరిగిన పని అది. నాకు మోసంలా అనిపించింది, ఈసారి నిజమైన మోసం. నానమ్మ మళ్లీ నిద్రలోకి జారుకుంది. ముక్కుపుటాలు ఎగిరెగిరి పడుతున్నాయి. గోడ గడియారంలో సెకన్ల ముల్లు కనిపిస్తోంది. ఆమె మణికట్టు పట్టుకుని నిమిషం నిండేదాకా లెక్కపెట్టాను. ముప్పై తొమ్మిది వచ్చింది. నా లెక్క తప్పేమోనని మళ్లీ పెట్టాను. నలభై.

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. అక్క పెద్ద సిస్టర్ బల్ల దగ్గర నిలబడి ఉంది. నేను నేరుగా వెళ్లి, వార్డంతా వినేలా, "అక్కా, నానమ్మకు ఇరవై గాదు, నలభై ఉన్నది. నువ్వు లెక్కవెట్టలె, నేను సూసిన" అన్నాను. ఈ వయసులో కూడా అది తలుచుకుంటే సిగ్గేస్తుంది. చెప్పినందుకు కాదు, అలా అరిచి చెప్పినందుకు. చెవిలో చెప్పినా సరిపోయేది.

అక్క మొహం పాలిపోయింది. మంచం దగ్గరికి పరుగెత్తింది. నానమ్మ చెయ్యి పట్టుకుని నిండా నిమిషం నిలబడి, వెంటనే డాక్టరును పిలిపించింది. ఆయన వచ్చి వీపుకు గొట్టం ఆనించి విన్నారు, కాగితం తిరగేశారు. "పన్నెండింటికి ఇరవై అని ఉంది. ఇప్పటికిప్పుడు రెట్టింపు అయిందా?" అని అడిగారు. ఆ ప్రశ్నలో ఎంత ఉందో అప్పుడు నాకు తెలియదు, నేను నర్సునయ్యాక తెలిసింది. ఉన్నట్టుండి పెరిగిందంటే ఎక్కిస్తున్న సెలైన్ ఎక్కువైందేమోనని అనుమానపడాలి, అప్పుడు వైద్యం వేరు. మొదటి నుంచీ పెరుగుతూ వచ్చిందంటే ఊపిరితిత్తుల్లో నెమ్ము ముదురుతోంది, ఇస్తున్న మందు పనిచేయడం లేదని అర్థం.

పెద్ద సిస్టర్ అందుకుంది. "ఇప్పుడే పెరిగుంటుంది సార్. ఇందాక బానే ఉంది కదమ్మా?" అంటూ అక్క వైపు చూసింది. ఆమెది కోస్తా వైపు ఊరు, మాట మెత్తగా ఉండేది. ఆమె అక్కకు దారి చూపిస్తోంది, తనకు కూడా. అక్క తల ఊపితే అయిపోయేది. నెల నిండడానికి ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయి.

అక్క తల ఊపలేదు. "తెల్వది సార్. నేను లెక్కవెట్టలె. ఉత్తగనే రాసిన" అంది.

ఇంకెవరు రాశారని డాక్టరు అడిగినా ఆమె పెద్ద సిస్టర్ పేరు ఎత్తలేదు. ఈ కాగితంలో తను రాసినవి నాలుగు, ఆ నాలుగూ లెక్కపెట్టనివేనని మాత్రం చెప్పింది. అప్పుడు డాక్టరు నన్ను అడిగారు. నిన్న పొద్దుమూకినప్పటి నుంచి ఇట్లనే ఆయాసపడుతోందని చెప్పాను. ఆయన ఇంజక్షన్ మార్చారు, ఆక్సిజన్ పెట్టించారు. ఆ హడావుడి అంతా అయ్యాక అక్క ఆ కాగితం ముందు కూర్చుంది. తను రాసిన నాలుగు ఇరవైల మీదా ఒక్కొక్క అడ్డగీత గీసింది. కింద అంకె కనిపించేలా సన్నటి గీత. ప్రతి దాని పక్కనా సంతకం పెట్టింది. రబ్బరుతో చెరిపేస్తేనో, కొత్త కాగితం తగిలిస్తేనో పోయేదానికి ఇదంతా ఎందుకో నాకు అర్థం కాలేదు. తప్పు దాచకుండా కొట్టేయాలని ట్రైనింగ్‌లో నేర్పుతారని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

సాయంత్రం అమ్మ వచ్చేసరికి నానమ్మ కాస్త తేరుకుంది. నేను బయట మెట్ల మీద ఉన్నాను. అక్క చేతిలో సంచితో బయటికి వచ్చి నా పక్కన కూర్చుంది. రేపటి నుంచి రావద్దన్నారట. ఇరవై ఒక్క రోజులు చేసినట్టు ఒక ముక్క రాసిమ్మని అడిగితే అది కూడా కుదరదన్నారట. అది వినగానే నాకు ఏడుపు తన్నుకొచ్చింది. నా నోటి వల్లే ఆమె నౌకరీ పోయింది. ఇక వాళ్లంతా ఊరికి వెళ్లిపోతారు. వెక్కిళ్లు పెట్టి ఏడ్చాను.

అక్క ఓదార్చలేదు. నా మణికట్టు పట్టుకుంది. ముందు చౌరస్తా వైపు బస్సులు పోతున్నాయి, ఆమె మాత్రం నా గౌను వైపు చూస్తోంది. అంత ఏడుపులోనూ నాకు తెలిసిపోయింది, ఆమె నా ఊపిరి లెక్కపెడుతోందని. ఈసారి నేను బిగబట్టలేదు, బుసకొట్టలేదు. లెక్కపెట్టనిచ్చాను.

"ముప్పై రెండు" అంది చివరికి. "జర నిమ్మళంగ ఉండు. నువ్వు సూడకుంటె నేను రేపు గూడ ఇరవయ్యే రాస్తుంటి. ఎల్లుండి గూడ. అవ్వ పోయినంక గూడ ఎవ్వలికి తెల్వకపోవు." ఆ తర్వాత ఇద్దరం నాచారం దాకా నడిచే వచ్చాం. వాళ్ల గుమ్మం ముందు ఆగి, లోపలికి వెళ్లడానికి చాలాసేపు పట్టింది. వాళ్ల నాన్నకు ఏ మొహం పెట్టుకుని చెప్పిందో నాకు తెలియదు. గోడ ఇవతల నుంచి చెవులు రిక్కించినా ఏమీ వినబడలేదు.

నానమ్మ పది రోజులకు ఇంటికి వచ్చింది. అక్క మళ్లీ కవరు పట్టుకుని తిరగడం మొదలుపెట్టింది. పదకొండో నెలలో వాళ్ల నాన్న సామాన్లు సర్దడం మొదలుపెట్టారు. ట్రంకు పెట్టెకు తాడు కట్టేసిన రెండో రోజు ఆమె ఘట్‌కేసర్ వైపు ఒక ఆసుపత్రికి వెళ్లింది. ఎక్కడైనా చేశావా అని అక్కడా అడిగారు. ఇరవై ఒక్క రోజులు చేశాను, ఇందుకని తీసేశారు అని ఉన్నదున్నట్టు చెప్పిందట. అడిగిన పెద్దావిడ ఆమెను వార్డులోకి తీసుకెళ్లి ఒక ముసలాయన ముందు నిలబెట్టింది. అక్క ఆయన చెయ్యి పట్టుకుని నిమిషం నిండేదాకా నిలబడింది, అంకె చెప్పింది. ఆవిడ తనూ ఇంకో పక్కన నిలబడి లెక్కపెట్టుకుందట. సోమవారం నుంచి రమ్మంది. ఆ సాయంత్రం ట్రంకు పెట్టె తాడు విప్పింది నేనే.

అక్క చదివిన చదువే నేనూ చదివాను. నా మొదటి ఉద్యోగంలో కూడా మొదటి రోజే ఒకావిడ నాకు ఇరవై పద్ధతి చెప్పింది. నేను వాదించలేదు, అంత ధైర్యం నాకెక్కడిది. ఊరికే ఒక్కో మంచం దగ్గర చెయ్యి పట్టుకుని నిలబడేదాన్ని. ఆలస్యమైందని తిట్టేవాళ్లు, తిట్లు తిని మళ్లీ నిలబడేదాన్ని. ముప్పై ఏళ్లకు పైగా అలాగే గడిచింది. చేతిలో అంకెలు చూపించే పరికరాలు వచ్చాయి. ఊపిరి గడిలో ఇరవై మాత్రం ఇంకా కనిపిస్తూనే ఉంటుంది, నాకు కోపం వస్తూనే ఉంటుంది. పిల్ల నర్సుల మీద అరవబోయినప్పుడల్లా నాకు ఆ వార్డులో నా గొంతు వినబడుతుంది. అప్పుడు వాళ్లను పక్కకు పిలిచి చెవిలో చెబుతాను.

కిందటి నెల అక్కకు జ్వరమని తెలిసి నాగోల్ వెళ్లాను. ఇప్పుడు వాళ్ల అమ్మాయి దగ్గర ఉంటోంది. డెబ్భైకి దగ్గరపడింది, బాగా చిక్కిపోయింది. కళ్లు మూసుకుని పడుకుంది. పక్కన కూర్చుని మణికట్టు పట్టుకున్నాను. నాడి చూశాను, చెయ్యి వదల్లేదు. దుప్పటి కదలడం చూస్తూ నిమిషం లెక్కపెట్టాను.

"ఎంతొచ్చింది?" అంది కళ్లు తెరవకుండానే.

"ఇరవై" అన్నాను.

అప్పుడు కళ్లు తెరిచి నా మొహంలోకి చూసింది. నాకు మళ్లీ పదకొండేళ్లు వచ్చినట్టయింది. "లెక్కవెట్టినక్కా. నిజంగనే ఇరవై" అన్నాను.

"మళ్ల వెట్టు" అని కళ్లు మూసుకుంది.

నానమ్మ మంచం దగ్గరి ఆ మధ్యాహ్నం నుంచి నా దగ్గర మిగిలింది, నిండా లెక్కపెట్టే ఆ ఒక్క నిమిషమే. దాన్ని ఎవరి దగ్గరా సగంలో వదల్లేదు. అక్క చెయ్యి మళ్లీ పట్టుకుని మొదటి నుంచి లెక్కపెట్టాను.