రేటు చెప్పే నోరు

ఎంబీఏలో, ఖర్చూ ధరా లెక్కగట్టే కాస్టింగ్ పేపర్‌లో నాకు డెబ్బై రెండు మార్కులు వచ్చాయి. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. ఆ తర్వాత జరిగినదానిలో ఆ పేపర్ దిద్దినవాళ్లకు కూడా కొంత వాటా ఉందని గుర్తు చేయడానికి చెబుతున్నాను.

ఉద్యోగం మానేసి, ఉప్పల్‌లో మా ఇంటి మేడమీది గదిలో తోలు పర్సులు, బెల్టులు కుట్టడం మొదలుపెట్టి అప్పటికి ఏడాదిన్నర. పని వీడియోలు చూసి నేర్చుకున్నాను. ఉప్పల్ ఇంకా ఊరుగా ఉన్నప్పటి నుంచీ అక్కడున్న కుటుంబం మాది. పొలాలు పోయి ప్లాట్లయ్యాయి, ప్లాట్లు పోయి రెండు పోర్షన్ల అద్దె మిగిలింది. ఇంట్లో తోలుపని అనే మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. మా అమ్మ చుట్టాలకు "ఆన్‌లైన్ బిజినెస్" అని చెప్పేది. మా చిన్నాయన ఒకరోజు మేడెక్కి వచ్చి, గుమ్మంలోనే ఆగి, "గిదేం ఆన్‌లైన్‌రా, ముక్కుకు తగుల్తుంది" అన్నాడు.

హబ్సిగూడలో ఒక ఫంక్షన్ హాల్లో చేతిపనుల ప్రదర్శన పెడితే నేనూ ఒక టేబుల్ తీసుకున్నాను. రెండో రోజు ఒక పెద్దాయన వచ్చాడు. నాచారం దగ్గర ఒక చర్చి కమిటీలో పెద్ద. ఏటా క్రిస్మస్‌కు ముందు సండే స్కూల్ టీచర్లకు, కొత్తగా బాప్తిస్మం తీసుకున్నవాళ్లకు తోలు బైబిల్ కవర్లు ఇస్తారట. నలభై కావాలి, ఒకటి ఎంత అని అడిగాడు. నేను అప్పటిదాకా ఒక్క బైబిల్ కవరూ కుట్టలేదు. అయినా ఫోన్‌లో ఎక్సెల్ తెరిచి, రెండు అంకెలు మార్చి, "మూడువందల యాభై" అన్నాను. ఆయన వెంటనే చిన్న డైరీ తీసి రాసుకున్నాడు. ఒక రేటు విని మనిషి బేరమాడకుండా రాసుకున్నాడంటే ఆ రేటుకు ఏదో జబ్బు ఉందని అర్థం. అది సిలబస్‌లో లేదు.

వారం తర్వాత ఆయన మా ఇంటికే వచ్చి ఒక పాత కవరు నా చేతిలో పెట్టాడు.

"గిట్లనే ఉండాలె బ్రదర్. ఒకటి శాంపిల్ చేసి తెండ్రి, కమిటీకి చూపిద్దాం. ఇన్నేండ్లు నాచారంల ఒక సిస్టర్ కుట్టిచ్చేది. పని మంచిగనే ఉంటది. కాని ఆరొందల ఇరవై తీసుకుంటది. చర్చి పైసలు కదా, జర చూసుకోవాలె."

ఆయన వెళ్లాక ఆ కవరును కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాను. మూడేళ్లు వాడిన వస్తువది. అంగుళానికి ఎనిమిది కుట్లు, అన్నీ ఒకే వాలులో. మూలల దగ్గర నా తోలు సమోసా అంచులా పొంగుతుంది. అక్కడ ఆమె తోలు విసనకర్ర మడతల్లా ఒకదానిపై ఒకటి సర్దుకుని కూర్చుంది. ఎవరూ చూడని లోపలి వైపు కూడా బయటి వైపులాగే ఉంది. దారం ముడి ఎక్కడ వేసిందో వెతకడానికి నాకు ఒక మధ్యాహ్నం పట్టింది. దొరకలేదు.

అలాంటిదే ఒకటి కుట్టడానికి కూర్చున్నాను. ఏడు గంటలు పట్టింది. చూడ్డానికి మాత్రం అది ఏడు గంటలదిలా లేదు, ఎవరో ఏడిపించినట్టు ఉంది. రెండోది ఆరు గంటలు. ఇక మూడోది మొదలుపెట్టకుండా, ఆమె ఎలా కుడుతుందో చూసి వద్దామని నాచారం వెళ్లాను. కొనడానికి వచ్చినవాడిలా నటించాలని పథకం.

పారిశ్రామికవాడ వెనక సందులో, ఒక జిరాక్స్ షాపుకూ చికెన్ సెంటర్‌కూ మధ్య ఆమె షటర్. ఒక మనిషి, ఒక స్టూలు, ఒక చిన్న టీవీ పట్టేంత వెడల్పు. ఆమెకు యాభై అయిదేళ్లుంటాయి. కళ్లజోడు ముక్కు మధ్యకు జారి ఉంది. అంతకుముందు ఆ పారిశ్రామికవాడలోనే ఒక చేతితొడుగుల కంపెనీలో చాలా ఏళ్లు కుట్టిందని, అది ఎత్తేశాక ఈ షటర్ పట్టిందని తర్వాత చెప్పింది.

"అక్కా, బైబిల్ కవర్ ఎంత?"

తలెత్తలేదు. "ఇంతకుముందు ఎక్కడన్న అడిగినవా?"

"ఎందుకక్కా?"

"ఎవలన్న ఒక రేటు జెప్పిన్రనుకో, నేను దానికన్న తక్కువ జెప్ప. నేను తగ్గిస్తే రేపు ఆయన తగ్గిస్తడు, ఎల్లుండి మళ్ల నేను. గిరాకీ నవ్వుకుంట పోతడు, మేమిద్దరం గుంతల ఉంటం. అందుకే ముందే అడుగుత."

"ఎక్కడా అడగలేదు."

"ఆరొందల ఇరవై."

"జర ఎక్కువనే ఉందక్కా."

అప్పుడు తలెత్తింది. నా మొహం చూడలేదు, చేతులు చూసింది. చూపుడువేలు పక్కన దారం కోసిన గీత ఉంది, గోళ్ల సందుల్లో మైనం ఉంది.

"చర్చోళ్లు జెప్పిన్రు. ఉప్పల్ల మూడొందల యాభైకి కుట్టేటోనివి నువ్వేనా తమ్మీ?"

ఒప్పుకున్నాను. కాదనడానికి వేళ్లు అవకాశం ఇవ్వలేదు.

"కూసో. నిల్సున్నా రేటు తగ్గది."

తిడుతుందేమోనని చూశాను. ఆమె నా సంచీలో ఉన్న శాంపిల్ తీయించి, దాన్ని నాలుగు వైపులా తిప్పి, బొటనవేలితో కుట్టు మీద రాసి, "దారం లాగుడు మంచిగుంది. మూలలు ఆగమాగం" అంది. ఏడాదిన్నరలో నా పని గురించి నాకు దొరికిన మొదటి నిజమైన సమీక్ష అదే.

"రేటు ఎట్ల కట్టినవ్?"

నేను కొంత గర్వంగానే ఎక్సెల్ చూపించాను. తోలు, దారం, మైనం, డబ్బా, స్టిక్కర్, ఆటో, కరెంటు. లాభం అరవై రూపాయలు. ఆమె కళ్లజోడు సర్దుకుని ఒక్కో వరుసా చదివింది.

"నీ కూలి ఏ లైన్ల ఉంది?"

"కూలి అంటే... నేనే కదక్కా కుట్టేది."

"నువ్వైతే ఫిరీనా?"

ఫోన్‌ను పైకీ కిందికీ జరిపి చూశాను. స్టిక్కర్‌కు కూడా ఒక వరుస ఇచ్చిన లెక్కలో నాకు చోటు లేదు.

ఆమె లెక్కకు ఫోన్ అక్కర్లేదు. కాలాన్ని అరగంట సీరియళ్లలో కొలుస్తుంది. బెల్టు రెండు సీరియళ్లు. బైబిల్ కవరు అయిదు. హ్యాండ్‌బ్యాగు పదహారు, ఏ రోజైనా కరెంటు పోతే అందాజుగా. కథ ఎటు పోతోందో ఆమెకు తెలియదు, పట్టదు కూడా. మొదటి పాట వస్తే సూది తీస్తుంది, చివరి పాట వస్తే ఎన్ని కుట్లయ్యాయో చూసుకుంటుంది. ఇక కూలి ఎంత అన్నది ప్రతి జనవరిలో ఉప్పల్ కూలీల అడ్డా మీదికి పోయి, అక్కడ నిలబడ్డ మేస్త్రిని అడిగి తెలుసుకుంటుంది.

"మేస్త్రికి దినానికి ఎంత నడుస్తుందో గంతే నాకు. ఇటుక పేర్చే చెయ్యి కన్న నా చెయ్యి తక్కువ కాదు, ఎక్కువ గూడ కాదు. తోలు, దారం మీద గది కలుపుత, జర షటర్ కిరాయి కలుపుత. గంతే."

తర్వాత ఆమె సూది ఆపకుండానే అసలు సంగతి చెప్పింది.

"గా నలభై కవర్ల మీద ఈ షటర్‌కు సగమేడు కిరాయి ఎల్తది. గవి పోతే షటర్ ఇడిసిపెట్టి ఇంట్ల కూసొని కుట్టాలె. ఇంట్ల ఉంటే నన్ను వెతుక్కుంట ఎవలొస్తరు?"

వాన వచ్చేలా ఉందని చెప్పినంత మామూలుగా చెప్పింది. నాకు మాత్రం స్టూలు కొంచెం కిందికి దిగినట్టనిపించింది. ఈ ఆర్డర్ నాకు ఒక ఫోటో, నాలుగు లైకులు. ఆమెకు ఆ షటరు.

"నేను తప్పుకుంటానక్కా. ఫోన్ చేసి చెప్పేస్తాను."

ఆ రోజు ఆమెకు కోపం వచ్చింది ఆ మాటకు ఒక్కదానికే.

"ఎవలడిగిన్రు నిన్ను తప్పుకోమని? పోటీ వద్దన్ననా? సరిగ్గ రేటు జెప్పు, సరిగ్గ కుట్టు, ఆళ్లకు నీది నచ్చితే తీస్కపో. నేను రెండు దినాలు బాధపడ్త, గది నా ముచ్చట. ఫిరీగ కుట్టి గుంజుకపోతే గది పోటీ ఎట్లయితది?"

కొద్దిసేపు టీవీలో ఎవరో ఏడ్చారు. ఆమె దారానికి మైనం రాసింది.

"మా నాయిన ఊర్ల చెప్పులు కుట్టేటోడు. ఆయనకు పైసలియ్యకపోదురు. పంటలొచ్చినంక వడ్లు పోసేటోళ్లు, ఎంత పోస్తే గంత. గింత గావాలె అని ఆయన ఎన్నడు అనలే. అనే నోరే లేకుండె. నేను కంపెనీల చేరినంక గూడ రేటు ఆళ్లే చెప్పిన్రు. ఈ షటర్ల కూసున్నంకనే, తమ్మీ, మా ఇంట్ల మొదటిసారి ఒకరు గింత అని జెప్పింది. గందుకే నేను తగ్గించ."

మా తాత పొలం చేసినవాడు. అలా వడ్లు పోసిన చేతుల్లో ఆయనవీ ఉండేవి. ఆ మాట నేను పైకి అనలేదు. ఆమె అడగలేదు. ఇద్దరం సీరియల్ చూశాం.

ఆ తర్వాత నేను అక్కడే కూర్చుని, మేస్త్రి కూలితో నా లెక్క మళ్లీ వేశాను. ఆరు గంటల లెక్కన నా కవరు వెయ్యి దాటింది. న్యాయంగా ఉండాలంటే ఇంతకే అమ్మాలి కాబోలని ఆమెకు చూపించాను. ఆమె సూది పక్కన పెట్టి మరీ నవ్వింది.

"నీ చెయ్యి నెమ్మదైతే గా పైసలు గిరాకీ ఎందుకియ్యాలె? నేర్చుకునే ఖర్చు నీది. చెయ్యి తిరిగినోనికి ఎంత సేపు పడ్తదో గంతే రేటు. ఆరొందల ఇరవై. ఇటు తే గా మూల."

నా చేతిలోంచి కవరు లాక్కుని, మూల కుట్టు విప్పి, తోలును లోపలి వైపు పలచగా గీకి, తోలుకు తూట్లు పొడిచే ఆరె మొనతో ఒక్కో మడతనూ నొక్కి కూర్చోబెట్టి చూపించింది. రెండోసారి నాతో చేయించింది. మూడోసారికి ఏమీ అనలేదు. కమిటీ కూర్చోవడానికి ఇంకా పది రోజులుంది. పోటీకి పది రోజుల ముందు పోటీదారుకు మూల మడవడం నేర్పిన వ్యాపారి గురించి నేను ఏ కేస్ స్టడీలోనూ చదవలేదు.

కమిటీ కూర్చున్న ఆదివారం, ఆరాధన ముగిశాక, చర్చి పక్క గదిలో టేబుల్ మీద రెండు కవర్లు పెట్టారు. కమిటీలో నలుగురు. పెద్దాయన ఇద్దరి రేట్లూ విని డైరీ తెరిచాడు.

"ఇద్దరిది ఒక్కటే రేటా? మీరు మీరు మాట్లాడుకున్నరా ఏంది?"

"మాట్లాడుకున్నం," అంది ఆమె. "తమ్ముడు కూలి ఏసుకోవుడు మరిసిండు. యాది జేసిన."

ఇలాంటి చోట అబద్ధం ఎంత సులువుగా ఉంటుందో నాకు తెలుసు. నేను అప్పటికే ఒకటి తయారుగా ఉంచుకున్నాను. అవసరం పడలేదు. కమిటీలో ఒకాయన మేస్త్రి. ఆమె ఆయన వైపు తిరిగింది.

"అన్నా, మీ దినం కూలి ఎంత?"

"పన్నెండొందలు."

"ఎవలన్న వచ్చి నేను ఉత్తగనే గోడ కడ్త అంటే?"

"కట్టినంక గా గోడ కింద ఎవల్ని కూసోనియ్య," అన్నాడాయన.

పెద్దాయన నవ్వలేదు. నా వైపు చూశాడు. "బ్రదర్, మీ నోటితోనే మూడొందల యాభై అన్నరు. నేను రాసుకున్న. మాట మీద ఉంటరా?"

ఆమె నా వైపు చూడలేదు, టేబుల్ మీద తన కవరును కాస్త నిటారుగా సర్దింది. నేను ఔనంటే ఆ షటర్ పోయినట్టే. ఆయన అడిగినదాంట్లోనూ తప్పులేదు, మాట మాటే.

"ఈ ఒక్కటి మూడువందల యాభైకే తీసుకోండి సార్," అన్నాను. "అన్నాను కాబట్టి ఇస్తాను. మిగతా ముప్ఫై తొమ్మిదీ ఆ రేటుకు నా వల్ల కాదు. ఆ రేటు తప్పు. అక్క చెప్పిందే సరైన రేటు."

ఆయన చాలాసేపు డైరీ చూసి, మూసేశాడు. "సరే. పని చూద్దాం మరి."

నలుగురూ చూశారు. అందులో ఒక టీచరమ్మ రెండు కవర్లనూ తెరిచి, కళ్లు మూసుకుని, లోపలి అంచు వెంట బొటనవేలు నడిపింది. నా దాంట్లో రెండు చోట్ల ఆగింది. అక్క దాంట్లో ఆగలేదు. నలభైకీ ఆర్డర్ అక్కకే వెళ్లింది. నా ఒక్కటి పెద్దాయన మూడువందల యాభై ఇచ్చి తన బైబిల్‌కు ఉంచుకున్నాడు. నాకు ఊరటే కలిగింది. కొంచెం బాధ కూడా. నా మూలలు నిజంగానే బాగా కుదిరాయి.

బయటికి వచ్చాక, నలభైలో నాకు నాలుగైనా ఇస్తుందేమోనని ఒక్క క్షణం అనిపించింది. ఇవ్వలేదు. "మూలలు కుదిరినయ్. లోపట అంచు ఇంక రావాలె," అని షేరింగ్ ఆటో ఎక్కింది. ఓడినవాడి మీద జాలి పడకపోవడం కూడా మర్యాదేనని ఆటో సందు మలుపు తిరిగేలోపు అర్థమైంది.

కవర్లు పంచే రోజున రమ్మని పెద్దాయనే పిలిచాడు. వెనక బెంచీలో కూర్చున్నాను. నలభై మంది కొత్త కవర్లు పట్టుకుని నిలబడ్డారు. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టాక అందరూ కళ్లు మూసుకున్నారు. అక్క, నేను మూసుకోలేదు. ఆమె చూపు వరుసల వెంట ఒక్కో కవరు మీదా నెమ్మదిగా నడుస్తూ, మూడో వరుసలో ఒక అమ్మాయి చేతి దగ్గర ఆగిపోయింది. ప్రార్థన ముగిసేదాకా అక్కడే ఉంది.

ఆమెన్ అనగానే లేచి వెళ్లి, ఆ అమ్మాయి బైబిల్ బయటికి తీసి చేతికిచ్చి, కవరు తను తీసుకుంది. "బుధవారం ఇస్త బిడ్డా. ఈడ ఒక కుట్టు మంచిగ రాలే."

వెళుతూ నా బెంచీ దగ్గర ఆగి, అడక్కుండానే దాన్ని నా చేతిలో పెట్టింది. వెలుతురులోకి తిప్పి, నాలుగు మూలలూ, లోపలా, బయటా చూశాను. బొటనవేలు కూడా నడిపాను. నాకేమీ దొరకలేదు.