రెండు దిక్కులా కుట్టు

మొన్న పసుపు బస్తా మూతికి వేసిన సుతిలి దారం కుట్టు విప్పుతుంటే ఘాటు ముక్కుకెక్కింది. నా చెయ్యి ఆగిపోయింది. సులోచన మేడమ్ మాట వస్తే ఆర్మూరులో ఇప్పటికీ కొందరు "మొత్తం తుడిచేసిన మేడమా?" అంటారు. అది అబద్ధం. ఆ అబద్ధం నాది.

తొంభైల్లో పసుపు మార్కెట్ ఎదురుగా, మేడ మీద ఉన్న కంప్యూటర్ సెంటర్లో ఆమె దగ్గర పనిచేశాను. ఏ పసుపు కుప్ప ఏ రైతుదో చీటీ కొట్టే ప్రోగ్రాం ఆమె రాస్తున్నారు. పాత ఫైళ్లు చెరిపి, ప్రోగ్రాంను కొత్తగా కంపైల్ చేసే స్క్రిప్టు, అంటే ఆదేశాలు వరుసగా రాసిన చిన్న ఫైలు, నా వంతు. చెరపాల్సిన ఫోల్డరు పేరు మనమే ఇవ్వాలి. ఇవ్వకపోతే స్క్రిప్టు ఆగిపోవాలి. అందుకోసం, ఇచ్చిన పేరు ఖాళీయేనా అని పోల్చి చూసే వరుస ఒకటి రాశాను. ఆ పోలికను చూసి ఆమె నవ్వారు.

"ఖాళీ సంచి నిలబడ్తదా రాజేశం? రెండు దిక్కులా కొటేషన్ గుర్తులు పెట్టు. లోపల ఏం లేకున్నా కుట్లన్న మిగుల్తయి, పోల్చొస్తది."

తర్వాత పెడదాంలే అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం ఆమె చాయ్‌కి కిందికి వెళ్లారు. నేను పేరు ఇవ్వడం మరిచి ఎంటర్ కొట్టాను. పోలికలో ఒక పక్క ఏమీ లేదు. తెర మీద సింటాక్స్ ఎర్రర్ అని వచ్చింది కానీ స్క్రిప్టు ఆగలేదు, కింది వరుసకు దిగింది. ఎక్కడికి వెళ్లాలో పేరు లేదు కనుక ఉన్నచోటే, ఆమె ప్రోగ్రాం ఉన్న ఫోల్డర్లోనే, అన్నీ చెరిపేసింది. 'చెరపనా?' అన్న ప్రశ్నకు ముందే అవునని రాసిపెట్టింది కూడా నేనే. మూడు నెలల పని. ఫ్లాపీలో ఉన్న నకలు ఎప్పటిదో. మెట్ల మీద అడుగులు వినిపించాయి.

ముందు వచ్చింది సెంటర్ ఓనర్. ఫైళ్లన్నీ పోయాయని తెర మీద చూసి, ఎవలు చేసిండ్రని అడిగాడు.

"మేడమ్, సార్."

ఆమె అప్పటికే గుమ్మంలో ఉన్నారు.

"నేను చాయ్‌కి పోయిన సార్."

ఓనర్ నా వైపు చూశాడు. "పోకముందే" అన్నాను.

ఆమె వంగి తెర మీద నా వరుస చదివారు. ఇక చెప్పేస్తారనుకున్నాను. "కుట్టెయ్యలేదు గదా రాజేశం" అన్నారు, మెల్లగా. ఓనర్‌కు అది అర్థం కాలేదు. రేపటి నుంచి రావద్దని ఆమెకే చెప్పాడు.

ఆ తర్వాత చాలా నెలలు, ఆమె రోజూ వచ్చే నిజామాబాద్ బస్సు ఆగితే ఆమె దిగుతారేమోనని పక్క సందులోకి తప్పుకునేవాణ్ణి. ఆమె మళ్లీ రాలేదు.

ఇప్పటికీ పోలిక రాస్తే ముందు రెండు దిక్కులా కొటేషన్లు పెడతాను, లోపలిది తర్వాత. అయినా ఎంటర్ కొట్టే ముందు ఆ వరుస మళ్లీ ఒకసారి చదువుతాను. సులోచన మేడమ్ ఏమీ తుడవలేదు. ఆమె అప్పుడు కింద ఉన్నారు. కుర్చీలో ఉన్నది నేను.