లఖ్దర్ బాబాయి మెయిన్ స్విచ్చి

ఐన్ దర్దార్ మునిసిపాలిటీ ఆఫీసులో నలుగురు మేయర్లు మారారు, ఏడుగురు సెక్రటరీలు మారారు, గోడలకు మూడుసార్లు రంగు మారింది. మారనివాడు వాచ్‌మన్ లఖ్దర్ ఒక్కడే. ఇరవై తొమ్మిదేళ్లుగా పొద్దున్నే తలుపు తెరిచేదీ ఆయనే, అందరూ ఇళ్లకు పోయాక తాళం వేసేదీ ఆయనే. మా ఊళ్లో పిల్లా పెద్దా అందరికీ ఆయన బాబాయే. వరసలో అడ్డంగా దూరబోయేవాణ్ని కాలరు పట్టుకుని వెనక్కి లాగుతాడు, కర్ర పట్టుకుని వచ్చిన ముసలమ్మను తన కుర్చీలోనే కూర్చోబెడతాడు. నోరు పెద్దది, మనసు వెన్న. మరో ఆరు నెలల్లో పెన్షన్ తీసుకుని హాయిగా ఇంట్లో కూర్చోవలసినవాడు.

ఈయనకు ఒక నియమం ఉంది. అది ఎవరికీ తెలియదు, ఆయన దాచిందీ లేదు. ఎవరూ అడగలేదు, అంతే. రోజూ ఆఫీసు మూశాక గదులన్నీ ఒకసారి చుట్టి, కుళాయిలు కట్టేసి, మెట్ల కిందికి వెళ్లి భవనం మొత్తానికి మెయిన్ స్విచ్చి దించేస్తాడు. పొద్దున ఎవరూ రాకముందే పైకి ఎత్తేస్తాడు.

ఊరికే చేసే పని కాదది. పద్దెనిమిదేళ్ల కిందట ఒక చలికాలంలో, మహానుభావుడు ఎవరో గుమాస్తా, గదిలో హీటరు ఆపకుండా ఇంటికి పోయాడు. తెల్లారేసరికి మూడు జనన రిజిస్టర్లు బూడిదయ్యాయి. వాటి రెండో ప్రతులు ఎక్కడున్నాయో ఎవరికీ అంతు చిక్కలేదు. నిక్షేపంలాంటి మనుషులు కోర్టుకు వెళ్లి, ఇద్దరేసి సాక్షులను వెంటబెట్టుకుని, "అయ్యా, నేను పుట్టాను" అని మొరపెట్టుకోవలసి వచ్చింది. లఖ్దర్ ఒక్కడే ముప్పై మందికి పైగా సాక్ష్యం చెప్పాడు. ఒక ముసలాయన వాయిదాల మధ్యలో చనిపోతే, పుట్టినట్టు రుజువు లేనివాడికి చావు కాగితం ఎలా ఇస్తామన్నారు! ఆ ముసలాయన కొడుకు మునిసిపాలిటీ గుమ్మంలో కూలబడి ఏడవడం చూశాక లఖ్దర్‌కు వారం రోజులు అన్నం సహించలేదు. "ఇక నీదే పూచీ లఖ్దర్" అని అప్పటి మేయరు ఒక మాట అన్నాడు. ఆ మేయరు ఎన్నికల్లో ఓడి ఎటో పోయాడు గానీ, ఆ మాట మాత్రం లఖ్దర్‌ను వదల్లేదు.

ఇలా ఉండగా జనన మరణాల గదిలో కంప్యూటరుకు జబ్బు చేసింది.

ఆ గది గుమాస్తా వర్దియా. ముప్పై ఏళ్ల పిల్ల, మొగుడు పోయాడు, ఒక్కతే కూతురు, రెండో తరగతి. పని తప్ప మరో గోల పట్టదు. జిల్లా కేంద్రం నుంచి ఉత్తర్వు వచ్చింది: నెలాఖరులోగా ఈ కంప్యూటరు కొత్త అప్‌డేటు వేసుకోవాలి, లేకపోతే అక్కడి పెద్ద రిజిస్టరుతో సంబంధం తెగిపోతుంది, ఒక్క కాగితం కూడా బయటికి రాదు. సరే, అప్‌డేటు వేస్తే పోలా? అదే జరగడం లేదు. సాయంత్రం మొదలవుతుంది. పొద్దున చూస్తే, "పూర్తి కాలేదు, చేసిన మార్పులు వెనక్కి తీస్తున్నాం, కంప్యూటరు ఆపకండి" అని తెరమీద చక్రం గిర్రున తిరుగుతూ ఉంటుంది. అది వెనక్కి తీసుకునేసరికి పదకొండు. అప్పటికి వరస వీధి మలుపు దాటుతుంది.

"పుట్టడానికి తొమ్మిది నెలలు పట్టింది, కాగితానికి పది పట్టేలా ఉందే!" అని ఒకడు అరుస్తాడు. రంజాన్ నెల, అందరి కడుపులూ ఖాళీ, టీ లేదు, సిగరెట్టు లేదు. ఎవరిని కదిపినా కస్సుమంటారు.

"అరవకురా, నువ్వు పుట్టినప్పుడు అరిచింది చాలు, ఊరంతా విన్నాం" అని లఖ్దర్ వాడి నోరు మూయిస్తాడు. నవ్వుతారు. వర్దియా మాత్రం నవ్వదు.

జిల్లా నుంచి కంప్యూటర్లు బాగుచేసే అమ్మాయి వచ్చింది. పేరు తావూస్. మొదటిసారి వచ్చి, చోటు చాలడం లేదని పాత చెత్తంతా తీసేసి వెళ్లింది. రెండోసారి, సగం దిగి పాడైన అప్‌డేటును తుడిచేసి, పెన్‌డ్రైవులో మంచి ప్రతి తెచ్చి పెట్టింది. ప్రతిసారీ మధ్యాహ్నం మొదలుపెట్టి, "నాలుగైదు గంటలు పడుతుంది, ఎవరూ ముట్టుకోవద్దు" అని మరీమరీ చెప్పి, జిల్లా కేంద్రం సెతీఫ్‌కు పోయే టాక్సీ ఎక్కేది. వర్దియా బుద్ధిగా గదికి తాళం వేసుకుని వెళ్లేది. తెల్లారితే మళ్లీ అదే చక్రం.

మూడోసారి వచ్చినప్పుడు ఆ అమ్మాయి విసిగిపోయి, కంప్యూటరు తనలో తాను రాసుకునే చిట్టా తెరిచింది. సెక్రటరీ బెల్ఖాసిమ్ వెనకాల చేతులు కట్టుకుని నిలబడ్డాడు. లఖ్దర్ గుమ్మంలో ఉన్నాడు.

"ఇదుగో, దొరికింది" అంది తావూస్. "దీనికి రోగమూ లేదు, రొష్టూ లేదు. పని మధ్యలో ఎవరో కరెంటు తీసేస్తున్నారు. మొన్న నాలుగూ పన్నెండుకి. అంతకు ముందు నాలుగూ పన్నెండుకి. ఆ ముందు నాలుగూ పదకొండు. గడియారం పెట్టుకున్నట్టు తీస్తున్నారు."

"గది తాళం ఎవరి దగ్గరుంటుంది?" అన్నాడు బెల్ఖాసిమ్. జవాబు ఆయనకు తెలుసు.

బల్ల పక్కనున్న వర్దియా గబుక్కున ముందుకు వచ్చింది. "నేను నాలుగూ అయిదుకే వెళ్లిపోతాను సార్. పాప బడి వదిలేస్తారు. వల్లాహి, నేను ప్లగ్గు ముట్టుకోలేదు. మా అమ్మ సమాధి మీద ఒట్టు, రోజాలో ఉండి అబద్ధం చెబుతానా?"

"మరి దయ్యాలొచ్చి పీకాయా? కొత్త పద్ధతి వస్తే పని ఎక్కువవుతుందని భయం నీకు. నాకు తెలియదనుకోకు."

లఖ్దర్ గుమ్మంలోనే లెక్క వేసుకున్నాడు. గదులు చుట్టడానికి అయిదు నిమిషాలు, మెట్లు దిగడానికి రెండు. నాలుగూ పన్నెండు! ఆ నిమిషం తనది. పద్దెనిమిదేళ్లుగా తనదే. నోరు తెరిచాడు. ఆరు నెలల్లో పెన్షను, ఊరంతా బాబాయ్ బాబాయ్ అనే పిలుపు, ఆ రిజిస్టర్లను కాపాడింది నేనే అని లోపల్లోపల పెంచుకున్న గర్వం, అన్నీ కలిసి గొంతుకు అడ్డం పడ్డాయి. తల వంచుకుని వరస దగ్గరికి వెళ్లిపోయాడు. సిగ్గుచేటు పని. ఆయనంటే మాకు ఎంత ఇష్టమైనా ఈ మాట దాచకూడదు.

ఆ సాయంత్రం కూడా ఆయన చెయ్యి అలవాటు కొద్దీ స్విచ్చి దించింది. ఇంట్లో రోజా విప్పి, సూపు రెండు చెంచాలు తాగి గిన్నె తోసేశాడు. "ఏమొచ్చింది నీకు? కారం ఎక్కువైందా?" అంది పెళ్లాం జులీఖా. "నాకే ఎక్కువైంది" అన్నాడు. ఆవిడకు అర్థం కాలేదు.

మర్నాడు పొద్దున వర్దియా చేతిలో బదిలీ కాగితం పెట్టారు. కొండమీద శాఖకు. రోజుకు ఒకే బస్సు, తిరిగొచ్చేసరికి సాయంత్రం ఆరు. ఆ పిల్ల కాగితం చదువుకుని, మడిచి, "మరి పాపను ఎవరు తెచ్చుకుంటారు?" అని ఎవర్నీ కాకుండా అడిగింది. లఖ్దర్ ఇక నిలవలేకపోయాడు. తలుపు కూడా తట్టకుండా సెక్రటరీ గదిలోకి దూసుకెళ్లాడు. తావూస్ అక్కడే కూర్చుని నివేదిక రాస్తోంది.

"కరెంటు తీసింది నేను" అన్నాడు. "ప్లగ్గు కాదు, మెయిన్ స్విచ్చే. భవనం మొత్తానికి. రోజూ తీస్తాను, పొద్దున పెడతాను. ఆ పిల్లది ఏ తప్పూ లేదు."

బెల్ఖాసిమ్ కళ్లజోడు తీసి ఎగాదిగా చూసి, ఫక్కున నవ్వాడు. "బాబాయ్, ఆ అమ్మాయిని నువ్వు కూతురిలా చూస్తావని ఊరందరికీ తెలుసు. దానికోసం నెత్తిన ఇంత నింద వేసుకోవాలా? భవనానికి రోజూ కరెంటు తీస్తే ఇన్నేళ్లూ ఒక్కరికీ తెలియకుండా ఉంటుందా?"

"నాలుగు దాటాక ఇక్కడ ఎవరు ఉంటారు సార్ తెలియడానికి? మీరు మూడున్నరకే పోతారు కదా!"

తావూస్ నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగింది. సెక్రటరీ మాత్రం జేవురించాడు.

"అయితే తేలిపోనీండి" అంది తావూస్. "ఈ మధ్యాహ్నం నేను మళ్లీ మొదలుపెట్టి వెళ్తాను. బాబాయ్, మీరు స్విచ్చి దించకండి. నిజంగా మీరేనైతే ఈ సాయంత్రం అది పూర్తవుతుంది."

"పూర్తయితే తప్పు నీది, విచారణ నీ మీద, పెన్షను సంగతి ఆ తర్వాత చూద్దాం" అన్నాడు బెల్ఖాసిమ్. "పూర్తి కాకపోతే బదిలీ బదిలీయే. సరేనా?"

"సరే" అన్నాడు లఖ్దర్. ఆయన గొంతు ఆయనకే కొత్తగా వినిపించింది.

నాలుగింటికి ఆఫీసు ఖాళీ అయింది. వర్దియా ఆయన మొహం చూడకుండా గది తాళం చేతిలో పెట్టి వెళ్లిపోయింది. తావూస్ టాక్సీకి పరిగెత్తింది. లఖ్దర్ ఇసక బకెట్టు తెచ్చి కంప్యూటరు పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. కరెంటు ఉంచి ఇంటికి పోవడం ఆయన వల్ల అయ్యే పని కాదు. చదువు అంతంత మాత్రమే అయినా అంకెలు వచ్చు. తెరమీద పంతొమ్మిది శాతం.

ఏం చిత్రమైన బతుకు చూడండి! జీవితమంతా చేసిన పని సవ్యంగా జరగాలని దేవుణ్ని వేడుకున్న మనిషి. ఇవాళ సవ్యంగా జరిగితే తనే నేరస్థుడు. ఆ అంకె పెరిగే కొద్దీ వర్దియా బయటపడుతుంది, తను మునుగుతాడు. ముప్పై. ముప్పై ఎనిమిది. నలభై ఏడు.

నలభై ఏడు దగ్గర ఆగిపోయింది. అరగంట గడిచింది, గంట గడిచింది. లోపల ఫ్యాను రొద పెంచింది. కాలిన దుమ్ము వాసన ఏదో వచ్చింది, నిజంగా వచ్చిందో ఆయన ముక్కుకు అనిపించిందో తెలియదు. కానీ పద్దెనిమిదేళ్ల కిందటి ఆ తెల్లవారుజాము మొత్తం మళ్లీ కళ్లముందుకు వచ్చింది. గోడ నిండా రిజిస్టర్లు. ఒక్క నిప్పురవ్వ చాలు.

లేచాడు. మెట్లు దిగాడు. స్విచ్చి మీద చెయ్యి వేశాడు.

అప్పుడు ఇంకో ఆలోచన వచ్చింది. దించేస్తే ఎవరికి తెలుస్తుంది? కరెంటు పోయింది అంటే సరిపోతుంది, ఈ ఊళ్లో కరెంటు పోవడం కొత్తా? అప్‌డేటు పూర్తి కాదు. బాబాయి పాపం ఆ పిల్లకోసం అబద్ధమాడాడు అనుకుంటారు, ఇంకాస్త మెచ్చుకుంటారు కూడా. భయంతో వేసిన చెయ్యి మీద ఈ ఆలోచన వచ్చి కూర్చునేసరికి ఆయనకు తనమీద తనకే అసహ్యం వేసింది. నిప్పుకు భయపడుతున్నానా, విచారణకు భయపడుతున్నానా? నిజం చెప్పాలంటే ఆ క్షణంలో ఆయనకే తెలియలేదు. చెయ్యి తీసేసి, "ఛీ, ముసలి గాడిదా!" అని తనను తానే గట్టిగా తిట్టుకున్నాడు. ఖాళీ భవనంలో ఆ తిట్టు గట్టిగానే మోగింది.

పైకి వచ్చి రిజిస్టర్లన్నీ గోడ అరల నుంచి దించాడు. రెండేసి చేతులకెత్తుకుని నడవాలో, వీధి తలుపు పక్కన పేర్చాడు. నిప్పంటుకుంటే బయటికి విసిరేయడానికి వీలుగా. రోజాలో ఉన్న మనిషి, ఆ వయసులో, ఎన్నిసార్లు తిరిగాడో లెక్కలేదు. నడుం పట్టేసింది. చివరి మోత మోసి, గోడకు ఆనుకుంటూ గదిలోకి వచ్చి చూస్తే తెరమీద ఎనభై ఒకటి.

సాయంత్రపు అజాన్ అయింది. వీధి ఒక్కసారిగా ఖాళీ అయింది. ఇళ్లలో చెంచాల చప్పుడు. జులీఖా ఫోను చేసి చెడామడా తిట్టింది. "కంప్యూటరుతోనే కాపురం పెట్టు పో" అంది. ఆయన కుళాయి దగ్గర రెండు గుక్కల నీళ్లు తాగి వచ్చి కూర్చున్నాడు. కంప్యూటరు ఒకసారి ఆగింది. మళ్లీ లేచింది. నల్లగా అయింది. లఖ్దర్ ఇసక బకెట్టు దగ్గరికి లాక్కున్నాడు. ఆ తర్వాత నీలం రంగు తెర, దాని మీద వర్దియా పేరు, రోజూ పొద్దున వచ్చేలాగే వచ్చి నిలబడ్డాయి. చక్రం లేదు, అంకె లేదు.

వర్దియాకు ఫోను చేశాడు.

"అమ్మాయీ, లేచింది. పూర్తయింది. నేనే! తప్పు నాదే, చూశావా, నాదే!" అన్నాడు, ఏదో బహుమతి గెలిచినవాడిలా.



"నిన్న నేను అమ్మ మీద ఒట్టు వేసినప్పుడు నువ్వు గుమ్మంలోనే ఉన్నావు కదా బాబాయ్."

"ఉన్నాను."

"అప్పటికే తెలుసా?"

"తెలుసమ్మా." కళ్లనీళ్లు తుడుచుకున్నాడు. "ఒక రాత్రంతా తెలిసి ఊరుకున్నాను. నన్ను తిట్టు."

వర్దియా తిట్టలేదు. అవతల పాప ఏదో అడుగుతోంది, ఏదో గిన్నె మూత పడింది.

"రోజా విప్పావా?" అంది చివరికి.

"నీళ్లు తాగాను."

"నీళ్లు తాగితే సరిపోతుందా ఈ వయసులో! ఉండు, నేనూ పాపా సూపు పట్టుకుని వస్తున్నాం." గొంతులో కోపం ఇంకా అలాగే ఉంది. "మేం వచ్చేదాకా దయచేసి ఆ స్విచ్చి మాత్రం ముట్టుకోకు."