కలిపిన నాలుగేండ్లు

కొమరోలు మండలంలోని ఒక మెట్ట పల్లెలో, గొర్రెల మంద గల ఇంట పుట్టిన లక్ష్మీకుమారి పాలిటెక్నిక్ చదివి, గిద్దలూరు బస్టాండు వెనుక మోటారు స్టార్టర్లు బాగుచేసే దుకాణం పెట్టుకొన్నది. పెళ్లి మాట ఎత్తినవారికి ఆమె సమాధానం ఒక్కటే: "ముందర మీ మోటార్లు కాలకుండా చూడనీయండి."

ఆ నేలలో బోరు పావుగంట నీళ్లు పోసి ఆగిపోతుంది. మళ్లీ ఊట ఊరడానికి అరగంట కావలెను. అది గమనించక తిప్పితే మోటారు కాలిపోతుంది. ఆమె చిన్నాయన రంగయ్య స్టార్టరు పక్కనే కూర్చుండి, పైపు మోత మారగానే ఆపి, ఊటకు వదిలి, మళ్లీ వేసేవాడు. ఆయన చెవి చేసే ఆ పనిని లక్ష్మీకుమారి చిన్న ప్రోగ్రాముగా వ్రాసి, ఒక పెట్టెలో ఇమిడ్చి, సెల్‌ఫోనుకు జతచేసింది. రెండువేల పద్దెనిమిదిలో మొదటి పెట్టెను రంగయ్య చేనిలోనే బిగించింది. ఆ తరువాత అడిగినవారందరికీ ప్రోగ్రామును ఊరికే ఎక్కించి ఇచ్చింది.

రెండేండ్లకు ఒక నగరపు కంపెనీ ఆ పద్ధతి తనదని పేటెంటుకు దరఖాస్తు పెట్టింది. ఒట్టి కంప్యూటరు ప్రోగ్రాముకు మన చట్టం పేటెంటు ఇవ్వదు గనుక, దానిని పెట్టెతో కలిపి యంత్రమని చూపింది. పేటెంటు వస్తే లక్ష్మీకుమారి ఇచ్చిన ప్రోగ్రాము ఏ చేనిలోనూ ఉండటానికి వీలులేదు. ఆ దరఖాస్తు కంటె ముందే అది వాడుకలో ఉన్నదని రైతులు సాక్ష్యం చెప్పినచో దానిని ఆపవచ్చును. ఆమె దుకాణం మూసి, కనిగిరి మొదలు కొమరోలు దాకా ఊరూరా తిరిగింది.

"పేటెంటు అంటే ఏంది పాపా?" అని గొర్రెల దొడ్డి వద్ద ఓబులయ్య అడిగినాడు.

"నువ్వు ఈల వేసి గొర్రెల్ని పిలుస్తావు గదా మామా. ఆ ఈల నాదని ఎవడో కాయితం రాయించుకున్నాడనుకో. రేపట్నించి నువ్వు ఈల వేయగూడదు."

"అట్లయితే మందను గూడా వాణ్ణే మేపుకోమను. నాకు మోకాళ్లు నొప్పులు."

అందరూ నవ్వినారు. సాక్ష్యానికి మాత్రం పదకొండుమందే వచ్చినారు. నోటరీ వద్దకు వారిని తీసుకుపోయినవాడు రంగయ్య. దారిలో ఆయన వారికి బుద్ధి చెప్పినాడు:

"పిల్ల ఈ పెట్టె రెండువేల పద్దెనిమిదిలో వచ్చిందంటుంది. దానికేం తెలుసు? పింఛనుకు మనం వయసు కలపలేదా? ఎంత పాతదైతే అంత బలం. రెండువేల పద్నాలుగు అని రాయించండి."

ఆ ప్రమాణపత్రాలను లక్ష్మీకుమారి ఆ సాయంత్రమే చదివింది. పదకొండింటిలోను నాలుగేండ్లు కలిపి ఉన్నవి. పని మానుకొని వచ్చిన పెద్దలను మళ్లీ పిలిచి, మీరు వ్రాయించినది అబద్ధమని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. పాతదైతే బలమేనేమో అన్న ఆశ కూడ కలిగింది. కాగితాలు మడిచి సంచిలో పెట్టింది.

పేటెంటు ఆఫీసువారి విచారణ ఆమె దుకాణంలోని కంప్యూటరు తెరమీదనే జరిగింది. కంపెనీ వకీలు నెమ్మదిగల మనిషి. మొదట రంగయ్యను వయసు అడిగినాడు.

"పింఛను కాయితంలోదా, అసలుదా సార్?"

తెరమీద ఎవరో నవ్వు ఆపుకొన్నారు. వకీలు నవ్వలేదు.

"ఈ పెట్టె ఫోను సిగ్నలు లేకుండా పనిచేస్తుందా?"

"యాడ చేస్తది సార్? టవరు ఉండాల."

"మీ ఊరికి టవరు ఎప్పుడు వచ్చిందో గుర్తుందా?"

"గుర్తుండకేం! కొబ్బరికాయ కొట్టింది నేనే. మా మనమరాలు పుట్టిన వారం. రెండువేల పదహారు, మే నెల. అంతకుముందు ఫోను పలకాలంటే గుట్ట ఎక్కాల్సిందే."

రంగయ్య గర్వంగా లక్ష్మీకుమారి వైపు చూచినాడు. ఆమె, నిజమైన సంవత్సరం పద్దెనిమిది అని, తన కంప్యూటరులో తారీఖు కూడ ఉన్నదని చెప్పబోయింది.

"కంప్యూటరులో తారీఖు ఎవరైనా మార్చగలరమ్మా," అన్నాడు వకీలు. " టవరు రాకముందే పెట్టె పనిచేసినట్టు మీవారు పదకొండుమంది కాగితం మీదనే మార్చినారు. ఇవి మీరు చదివే సమర్పించినారు కదా?"

"చదివినాను," అన్నది ఆమె.

పేటెంటు మంజూరైనది. నెలలోగా ప్రోగ్రామును అన్ని పెట్టెలనుండి తీసివేయవలెనని కంపెనీ నోటీసు పంపింది. సాక్షులలో ముగ్గురు ఆమె దుకాణం ముందునుంచే నడిచిపోయి కంపెనీ పెట్టెలు తెచ్చుకొన్నారు. తక్కినవారి చేలకు ఆమె ఒక్కతే పోయి, తాను వ్రాసినదానిని తానే తుడిచివేసింది. రంగయ్య చేనికి చిట్టచివర పోయింది.

"తక్కువ కలిపినాం అమ్మీ," అన్నాడాయన, స్టార్టరు గదికి వీపు ఆనించి. "నాలుగేండ్లంటే వాళ్లకు చులకనైపోయినాం. పదేండ్లు కలిపి ఉంటే వాడు నోరెత్తేవాడు కాదు. నీ మాటకు భయపడి తగ్గించినా."

ఆమె పెట్టె విప్పి, ప్రోగ్రాము తీసివేసి, తీగలు పాతవిధంగా కలిపి మోటారు వేసింది. వచ్చి ఆయన పక్కన కూర్చున్నది. రంగయ్య ఆ వకీలు మీసాన్ని, తాను చెప్పిన జవాబులను తలచుకొంటూ మాట్లాడుతూనే ఉన్నాడు.

పావుగంటకు పైపు మోత మారింది. గట్టు అవతల నీళ్లు ఆగి, గాలి బుసకొట్టసాగింది. అయిదేండ్లుగా పెట్టె వింటూ ఉండటం చేత రంగయ్యకు వినే అలవాటు తప్పింది. ఆయన మాట ఆపలేదు.

లక్ష్మీకుమారి విన్నది. తెరచిన తలుపు లోపల స్టార్టరు ఆమె చేతికి అందేంత దూరంలోనే ఉన్నది. ఆమె చేతులు ఒడిలో పెట్టుకొని, చిన్నాయన ముఖాన్నే చూస్తూ కూర్చున్నది. బోరులో మోటారు కాలి, గదిలో స్టార్టరు టప్పుమని కొట్టి ఆగిన తరువాతనే లేచి, సంచి భుజాన వేసుకొన్నది.