అండా బంద్

తొంభైల్లో మేం భిలాయిలో, స్టీల్ ప్లాంటు క్వార్టర్లో ఉండేవాళ్లం. నాకప్పుడు పదకొండేళ్లు. మా కుక్క మోతీకి ఒళ్లంతా దురద, పుళ్లు, వాంతులు. గుడ్డు పడటం లేదని పశువుల డాక్టరు హిందీలో "అండా బంద్ కరో" అన్నాడు. ఇంటికొచ్చి అమ్మతో, "అండా బంద్ చెయ్యాలంటమ్మా" అన్నాను.

పది రోజులకి మోతీ చచ్చిపోయింది.

"నువ్వు బడికెల్లగానే బలానికని రోజూ రెండు గుడ్లెట్టినాన్రా. అండాకి మూతెట్టీసినాను. ఇంకేటి సెయ్యాల?" అంది అమ్మ.

శ్రీకాకుళం నుంచి వచ్చిన అమ్మకి అండా అంటే పెరట్లోని నీళ్ల గుండిగ. మోతీ అందులో తాగకుండా మూత పెట్టి, పైన ఇటుకరాయి కూడా ఉంచింది.

నేను ఏడవలేదు. డాక్టరు ఆపమన్న అండా గుడ్డేనని అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు. గుడ్డు అనే మాట నాకు తెలుసు. ఆ రోజు నోటికి రాలేదు.